ఎగిరినవన్నీ మగవే! ట్రైకోకార్డులు, జత కుదరని కందిరీగలు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుణుపురంలో నేను నడిపేది రెండు గదుల పురుగుల పెంపకం. ఒక గదిలో బియ్యపు పురుగు అనే రెక్కల పురుగు, రెండో గదిలో దాని గుడ్లలో పెరిగే ట్రైకోగ్రామా అనే బుల్లి కందిరీగ. ఈ కందిరీగ పిల్లలున్న గుడ్లను కార్డుకు అంటించి పొలంలో కడితే, అవి ఎగిరి పైరు తినే పురుగుల గుడ్లను పాడుచేస్తాయి. ఈ ట్రైకోకార్డులు రాయగడ, గజపతి జిల్లాల రైతులకే కాక రాష్ట్రం దాటి భామిని, కొత్తూరు, పాతపట్నం వైపు కూడా వెళ్తాయి. ఫోన్లో వచ్చే ప్రశ్నల్లో సగం వాడకం గురించే. మిగతా సగం తిరిగి తిరిగి ఒక్క చోటికే వస్తాయి: "కార్డు బాగుంది, పురుగు ఎగిరింది, పని మాత్రం జరగలేదు." దీనికి జవాబు ఫోన్లో ఎప్పుడు మొదలుపెట్టినా సగంలో తెగిపోతోంది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. రైతులు అడిగేవీ, నాలాగే చిన్న గదుల్లో పురుగులు పెంచేవాళ్లు అడిగేవీ కలిపేశాను.

కందిరీగలంటున్నారు, పిల్లలున్న ఇల్లు. కుడతాయా?

కుట్టవు. ఒక్కోటి అర మిల్లీమీటరు ఉంటే గొప్ప. తెల్లకాగితం మీద దులిపితే మిరియాల పొడి చల్లినట్టుంటుంది, కాకపోతే ఆ పొడి నడుస్తుంది. కుట్టే కందిరీగకు కొండి ఉండే చోట దీనికి గుడ్డు పెట్టే సన్నటి గొట్టం ఉంటుంది. దాన్ని రెక్కల పురుగు గుడ్డులోకి దింపి, తన గుడ్డును లోపల వదులుతుంది. మనిషి చర్మంతో దానికి పనే లేదు.

కార్డు మీద అంటించినవి ఏమిటి? నల్లగా ఎందుకు మారతాయి?

అవి బియ్యపు పురుగు గుడ్లు. జొన్ననూకలోనో సజ్జనూకలోనో దాన్ని పెంచి, గుడ్లు దులిపి, జల్లించి, జిగురుతో కార్డుకు అంటిస్తాం. ఒక్క సీసీ గుడ్లంటే 18 నుంచి 20 వేలు. ముందుగా అతినీలలోహిత దీపం కింద పెట్టి లోపలి పిండాన్ని చంపుతాం, లేకపోతే కార్డు నుంచి గొంగళిపురుగులు పాకుతాయి. తర్వాత ట్రైకోగ్రామా ఉన్న జాడీలో పెడతాం. మూడో రోజో నాలుగో రోజో గుడ్డు నల్లబడిందంటే లోపల ట్రైకోగ్రామా పెరుగుతున్నట్టు. వారం, పది రోజుల్లో చిన్న కన్నం చేసుకుని బయటికొస్తుంది.

నల్లగుడ్డు చెప్పేది అంతవరకే. లోపలున్నది ఆడదా మగదా అన్నది నల్లగుడ్డు చెప్పదు. గొడవంతా ఇక్కడే.

"ఏటి బాబూ, కార్డు కాకిలా నల్లగుంది గదా, మరి తెల్లకంకులేటి?"

ఈ ప్రశ్న అడిగిన పెద్దాయన మాటనే ఇక్కడ పెట్టాను. ముందు మామూలు కారణాలు చూడాలి. వరి కాండం తొలిచి తెల్లకంకులు తెచ్చే మొగిపురుగు గుడ్ల కుప్పలు పెట్టేసి పొదిగిపోయాక కార్డు కట్టారా? కట్టిన మూడో రోజే మందు కొట్టారా? చీమలు కార్డును ఖాళీ చేశాయా? వరిలో మొగిపురుగుకు హెక్టారుకు లక్ష చొప్పున, వారానికోసారి, ఐదారుసార్లు వదలాలి. ఒక్కసారి కట్టి ఊరుకున్నారా? పదిమందిలో ఎనిమిది మంది విషయం ఇక్కడే తేలిపోతుంది.

పెద్దాయన పొలంలో ఇవేవీ లేవు. తప్పు కార్డులోనే ఉంది, ఆ కార్డు నేనిచ్చిందే.

జరిగింది ఇది. చలికాలం చివర్లో నా పాత కల్చర్, అంటే తరతరాలుగా జాడీలో పెంచుకొస్తున్న పురుగుల గుంపు, నీరసించింది. గుడ్లు సరిగా నల్లబడటం లేదు. కొత్త రక్తం ఎక్కిద్దామని ఇంకో చోటి నుంచి తల్లి కల్చర్ తెప్పించాను. దాని లేబుల్ మీద ఉన్న పేరూ, నా జాడీ మీద ఉన్న పేరూ ఒకటే: ట్రైకోగ్రామా జపానికం. పేరు ఒకటే కదా అని రెంటినీ ఒకే జాడీలో పోశాను. మొదటి కార్డులు చూస్తే ముచ్చటేసింది, బొగ్గులా నల్లగా ఉన్నాయి. ఎగరడమూ బాగానే ఎగిరాయి. పెద్దాయన ఫోన్ వచ్చాక మిగిలిన ముక్కను గాజు గొట్టంలో వేసి, ఎగిరినవాటిని సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టాను. పదింటికి ఏడు మగవి. పందిరి నిండా మగపెళ్లివారే, ఆడపెళ్లివారు రాలేదు.

మగవి ఎక్కువైతే నష్టం ఏమిటి? అవీ పురుగులే కదా?

మగది గుడ్డు పెట్టదు. జత కట్టి నాలుగు రోజులు బతికి పోతుంది. మొగిపురుగు గుడ్డును పాడుచేసేది ఆడది ఒక్కటే. కాబట్టి కార్డు మీద 20 వేలు ఎగిరాయా అన్నది కాదు, అందులో ఆడవి ఎన్ని అన్నదే లెక్క. మా వృత్తిలో చాలామంది ఎగిరిన శాతాన్నే గొప్పగా చెప్పుకుంటారు. మొన్నమొన్నటి దాకా నేనూ అదే చెప్పుకున్నాను.

ఆడా మగా ఎలా నిర్ణయమవుతుందో తెలిస్తే మిగతా ప్రశ్నలన్నీ తేలికవుతాయి. తేనెటీగలు, చీమలు, కందిరీగలు అన్నిటిదీ ఒకే పద్ధతి. మగదాని బీజం కలిసిన గుడ్డు ఆడపిల్ల అవుతుంది, కలవని గుడ్డు మగపిల్లవాడు. అంటే జత కట్టని ఆడదానికీ పిల్లలు పుడతాయి, కాకపోతే అన్నీ మగవే. ఈ మగపిల్లవాడికి తల్లి వైపు క్రోమోజోములు తప్ప తండ్రివి ఉండవు.

మన పశువుల్లో, కోళ్లలో జత కుదరకపోతే చూలు నిలవదు, గుడ్డు మురిగిపోతుంది, మనకు వెంటనే తెలుస్తుంది. ఈ కందిరీగల్లో చాలాసార్లు అలా తెలియదు. జత చెడినా గుడ్డు నల్లబడుతుంది, పురుగు ఎగురుతుంది. చెడిన సంగతి మగవాళ్ల లెక్కలో దాక్కుంటుంది.

ఆడా మగా తేడా రైతు చూసి తెలుసుకోగలడా?

మామూలు భూతద్దంతో కష్టం. బడిలో ఉండే సూక్ష్మదర్శిని చాలు. మీసాలు చూడాలి. మగదాని మీసాల మీద పొడవాటి వెంట్రుకలు విరబోసుకుని సీసా కడిగే బ్రష్‌లా ఉంటాయి. ఆడదాని మీసం పొట్టి, చివర గదలా లావు, వెంట్రుకలు కురచ. బతికున్నవి ఒకచోట నిలవవు కాబట్టి గొట్టాన్ని కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. యాభై, వంద లెక్కపెడితే సంగతి తెలిసిపోతుంది. మంచి కల్చర్‌లో మూడింట రెండు వంతులు ఆడవి ఉంటాయి. సగానికి తగ్గిందంటే నేనైతే ఆ కార్డు అమ్మను.

పేరు ఒకటే అయినా రెండు కల్చర్లు ఎందుకు కలవవు?

మూడు కారణాలు చెప్పొచ్చు. మూడోది విచిత్రమైనది కాబట్టి దానికి విడిగా జాగా ఇస్తాను.

మొదటిది, పేరే తప్పు. ట్రైకోగ్రామా జాతులు కంటికి ఒక్కలాగే ఉంటాయి. రంగు చూసి చెబుదామా అంటే చలికి ముదురుతుంది, ఎండకు తేలుతుంది. 1960ల చివర్లో, 70ల్లో బెంగళూరులో సుధా నాగర్కట్టి, హెచ్. నాగరాజ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ చిక్కుముడి విప్పారు. మగదాని జననాంగాన్ని గాజుపలక మీద పరిచి పోల్చడం, అనుమానం ఉన్నవాటిని ఒకదానితో ఒకటి జత కట్టించి ఆడపిల్లలు పుడుతున్నాయో లేదో చూడడం, ఇవీ వాళ్ల పద్ధతులు. ఒకప్పుడు మన దేశంలో ఆస్ట్రేలికం అనే పేరుతో చలామణీ అయినది నిజానికి వేరే జాతి అని అలా తేలింది. మనం ఇవాళ కిలోనిస్ అంటున్నది దాన్నే. ఇప్పుడు డీఎన్ఏ ముక్క చదివి కూడా చెబుతున్నారు. కానీ చిన్న పెంపకం గదులన్నిటికీ అది అందుబాటులో లేదు. లేబుల్ మీద ఏం రాసి ఉంటే అదే జాతి అనుకుని నడిచిపోతుంటాం.

రెండోది, జాతి ఒకటే అయినా చాలాకాలం విడివిడిగా బతికి దూరమైపోవడం. జత కడతాయి, కానీ బీజం సరిగా అందదు. లేదా ఆడపిల్లలు పుడతాయి, ఆ ఆడపిల్లలకు మాత్రం పిల్లలు పుట్టవు. ఈ రెండో రకం మోసం ఒక తరం ఆలస్యంగా బయటపడుతుంది. గొంగళిపురుగుల మీద బతికే కందిరీగ ఒకటుంది. బ్రాకాన్ హెబెటర్ అనే ఒక్క పేరు కింద వాడుతున్న రెండు రకాలు అసలు కలవవని 1997లో తేలింది. అంతదాకా వాటిని ఒకే జాతిలో రెండు రకాలు అనుకున్నారు.

మూడోది, లోపల కాపురమున్న బాక్టీరియా.

బాక్టీరియాకు పెళ్లి సంబంధాలతో ఏం పని?

దాని పేరు వొల్బాకియా. కీటకాల కణాల లోపలే బతుకుతుంది, ముఖ్యంగా అండాశయాల్లో, బీజకోశాల్లో. 1924లో హెర్టిగ్, వొల్బాక్ అనే ఇద్దరు అమెరికన్లు దీన్ని మామూలు క్యూలెక్స్ దోమలో చూశారు. 1936లో హెర్టిగ్ దానికి పూర్తి పేరు పెట్టాడు. ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి ఇటు వచ్చిన ఏడాదీ అదే. రెంటికీ సంబంధం ఏమీ లేదు, నాకు ఏడాది గుర్తుండటానికి పనికొచ్చిందంతే.

ఈ బాక్టీరియా తల్లి గుడ్డు ద్వారానే పిల్లకు అందుతుంది, తండ్రి బీజం ద్వారా అందదు. కాబట్టి మగ పురుగు దాని పాలిట చివరి స్టేషన్, అక్కణ్ణుంచి ముందుకు బండి లేదు. అయితే ఆ మగదాన్ని కూడా అది ఊరికే వదలదు. బీజానికి ఒక రకమైన తాళం వేస్తుంది. తాళంచెవి అదే బాక్టీరియా ఉన్న ఆడదాని గుడ్డులోనే ఉంటుంది. బాక్టీరియా ఉన్న మగది, లేని ఆడదానితో కలిస్తే బీజం గుడ్డులోకి వెళ్తుంది కానీ తండ్రి క్రోమోజోములు మొదటి విభజనలోనే చితికిపోతాయి. దోమల్లో అయితే ఆ గుడ్డు చస్తుంది. కందిరీగల్లో కొన్నిట్లో చస్తుంది, కొన్నిట్లో తల్లి క్రోమోజోములతోనే నెట్టుకొచ్చి మగదిగా పుడుతుంది. ఈ తాళానికి కారణమైన జన్యువులను 2017లో గుర్తించారు.

అటు నుంచి చూడండి: బాక్టీరియా ఉన్న ఆడది ఎవరితో కలిసినా దానికి ఇబ్బంది లేదు. లేని ఆడది మాత్రం బాక్టీరియా ఉన్న మగవాళ్లతో నష్టపోతుంది. అందుకే కొన్ని తరాల్లో బాక్టీరియా ఉన్నవే మిగులుతాయి. దానికి కావలసిందీ అదే. రెండు కల్చర్లలో రెండు వేరువేరు రకాల వొల్బాకియా ఉంటే ఇటు తాళానికి అటు చెవి పట్టదు, అటు తాళానికి ఇటు చెవి పట్టదు. రెండు వైపులా చెడుతుంది.

కీటక జాతుల్లో దాదాపు సగంలో వొల్బాకియా ఉంటుందని అంచనా. ఇలాంటి పనే చేసే ఇంకో బాక్టీరియా కార్డీనియం. తెల్లదోమ మీద బతికే ఒక ఎన్కార్సియా కందిరీగలో దాని సంగతి 2003లో తేలింది.

ఇది నిజంగా రుజువైందా, ఊహా?

రుజువైంది, అదీ మనకు తెలిసిన ఊళ్లకు దగ్గరలోనే. మన తాతలు కూలికి "రంగం" వెళ్లేవారు గుర్తుందా? ఆ రంగూన్ దగ్గర ఓక్పో అనే ఊళ్లో హాన్స్ లావెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త జత కుదరని రకం మగ దోమలను వరసగా వదిలి, ఊళ్లోని క్యూలెక్స్ దోమల సంతతిని ఆపేశాడు. 1967 నాటి మాట. అప్పటికి దీని వెనక బాక్టీరియా ఉందని తెలియదు. 1970ల మొదట్లో యెన్, బార్ అనే ఇద్దరు యాంటీబయాటిక్ మందైన టెట్రాసైక్లిన్‌తో బాక్టీరియాను తీసేసి, జత మళ్లీ కుదరడం చూపించారు.

కందిరీగల్లో నాసోనియా కథ ప్రసిద్ధం. ఈగల ప్యూపాల్లో గుడ్లు పెట్టే చిన్న కందిరీగ అది. అందులో రెండు జాతులు కలిస్తే ఆడపిల్లలు పుట్టేవి కావు. మందుతో బాక్టీరియాను తీసేస్తే పుట్టాయి. 1990లో ఇది అచ్చయింది. 2001లో ఇంకో జంట జాతుల్లో మరో సంగతి బయటపడింది. వాటి మధ్య వొల్బాకియా తప్ప వేరే అడ్డు దాదాపు ఏదీ లేదట. అంటే రెండు కులాలుగా విడిపోవడానికి మొదటి గోడ కట్టింది బాక్టీరియానే.

మగవే లేకుండా అన్నీ ఆడవే పుట్టే కల్చర్ ఉందట. అది తెప్పించుకుంటే సరిపోదా?

ఉంది. అదీ వొల్బాకియా చేసే పనే, ఇంకో రూపంలో. కొన్ని ట్రైకోగ్రామాల్లో ఇది బీజం కలవని గుడ్డులోని క్రోమోజోములను రెట్టింపు చేసి ఆడపిల్లగా మారుస్తుంది. 1990లో స్టౌటమర్, లక్, హామిల్టన్ అలాంటి కల్చర్లకు యాంటీబయాటిక్ పెడితే మళ్లీ మగవి పుట్టాయి. వేడికీ అంతే, 30 డిగ్రీలు దాటిన చోట తరాలపాటు పెంచితే బాక్టీరియా తగ్గి మగవి కనబడతాయి.

వింటే నోరూరుతుంది. ప్రతి పురుగూ పనిచేసేదే, జత కోసం వెతుక్కునే అవసరమే లేదు. కానీ చాలా కల్చర్లలో ఇలాంటి ఆడది పెట్టే గుడ్లు మామూలుదానికంటే తక్కువని లెక్కల్లో కనబడింది. మన రాయగడ ఎండల్లో చల్లటి గది లేకుండా ఆ బాక్టీరియా ఎంత నిలుస్తుందన్నది ఇంకో టెన్షన్. పైగా ఒకే గుడ్డులో రెండు రకాల పిల్లలు పెరిగితే బాక్టీరియా ఒకదాన్నుంచి ఒకదానికి దాటగలదని 2000లో ట్రైకోగ్రామా కైకై మీద తేలింది. మామూలు కల్చర్ జాడీ పక్కన దాన్ని పెట్టడానికి నాకు ధైర్యం చాలదు. విడి గది ఉన్నవాళ్లు ప్రయత్నించొచ్చు.

ఇంకో చిన్నమాట. ఆడవే పుట్టే ప్రతిదానికీ బాక్టీరియా కారణం కాదు. ట్రైకోగ్రామా కకోయేసియేకు ఎంత మందు పెట్టినా మగవి రాలేదు.

అయితే నా కల్చర్‌కు టెట్రాసైక్లిన్ తేనెలో కలిపి పెడితే రోగం కుదురుతుందా?

వద్దు. శాస్త్రవేత్తలు అది పెట్టేది కారణం తెలుసుకోవడానికి, వైద్యానికి కాదు. ఒక కల్చర్‌లో బాక్టీరియాను తీసేశారనుకోండి. రేపు పొలంలో అది ఉన్న మగవి ఎదురైతే మీ ఆడవే నష్టపోతాయి. మందుల షాపు నుంచి క్యాప్సూల్ తెచ్చి విప్పే పని చేయకండి.

అన్నాచెల్లెళ్లు ఒకే జాడీలో కలుస్తాయి కదా, మేనరికం దోషం ఉండదా?

మనవైపు ఇది అడగనివాళ్లు లేరు. ట్రైకోగ్రామాకు మేనరికం దాటి ఇంకా దగ్గర సంబంధమే అలవాటు. పక్కపక్క గుడ్లలోంచి బయటికొచ్చిన అన్నాచెల్లెళ్లు అక్కడికక్కడే జత కడతాయి, పొలంలోనూ అంతే. దాన్నుంచి ఆడామగా లెక్క చెడదు.

బ్రాకాన్ వేరు. కొబ్బరి నల్లముట్టె పురుగు మీద వాడే బ్రాకాన్ కందిరీగల్లో ఆడపిల్ల కావాలంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వేరువేరు గుర్తులు రావాలి. దగ్గర సంబంధం వల్ల రెండూ ఒకటే వస్తే, బీజం కలిసిన గుడ్డు కూడా పనికిరాని మగదవుతుంది లేదా చస్తుంది. వైటింగ్ అనే ఆయన 1943లోనే ఇది చూపించాడు. కాబట్టి బ్రాకాన్ పెంచేవాళ్లు నాలుగైదు ఆడవాటితో కల్చర్ మొదలుపెట్టి ఏళ్లతరబడి నడపకూడదు. విడివిడి జాడీల్లో ఎక్కువ గుంపులు పెట్టుకోవాలి. ట్రైకోగ్రామాలో కొత్త రక్తం ఎక్కించాలన్న తొందర నాకు బ్రాకాన్ పెంచే ఒక మిత్రుడి నుంచి అంటుకుంది. దాని మందు దీనికి వేశాను.

రెండు కల్చర్లకు జత కుదురుతుందో లేదో ముందే ఎలా తెలుసుకోవాలి?

ఓపిక ఉంటే ఖర్చు లేని పని. పాత కల్చర్‌ను అ, కొత్తదాన్ని ఆ అనుకుందాం.

ముందు జత కట్టని పురుగులు కావాలి. బయటికొచ్చిన నిమిషాల్లో జత కట్టేస్తాయి కాబట్టి ఎగరకముందే విడదీయాలి. నల్లబడిన కార్డును నీళ్లతో తడిపి, సన్నటి కుంచెతో ఒక్కో గుడ్డు తీసి, ఒక్కో సీసాలో వేయండి. హోమియో గుళికల చిన్న సీసాలు దీనికి బాగా పనికొస్తాయి, మూతకు బదులు దూది. బియ్యపు పురుగు గుడ్డు చిన్నది, సాధారణంగా ఒక్క పురుగే వస్తుంది. గోడకు సూదిమొనతో తేనె గీత పెట్టండి. బొట్టు పెట్టకండి, అంటుకుని చస్తాయి. మొదట్లో నావి సగం అలాగే పోయాయి.

తర్వాత నాలుగు రకాల జతలు కట్టించాలి: అ ఆడది అ మగదానితో, ఆ ఆడది ఆ మగదానితో, అ ఆడది ఆ మగదానితో, ఆ ఆడది అ మగదానితో. ఒక్కో రకానికి కనీసం ఇరవై జతలు పెట్టండి, ఎందుకంటే కొన్ని అలిగి జతే కట్టవు. వీటితోపాటు కొన్ని ఆడవాటిని జత లేకుండా ఒంటరిగా ఉంచండి. అన్నిటికీ తాజా గుడ్ల చిన్న ముక్క ఇవ్వండి. పది రోజులాగి, పుట్టినవాటి మీసాలు చూసి లెక్కపెట్టండి.

ఒంటరి ఆడదానికి మగవే పుట్టాలి. ఆడవి పుట్టాయంటే అది ఇందాక చెప్పిన మగ అవసరం లేని కల్చర్. సొంత జతల్లో ఆడవి ఎక్కువ రావాలి. రాకపోతే మీ పద్ధతిలోనే ఏదో లోపం ఉంది, మిగతా ఫలితాలు చూడనక్కర్లేదు. అసలు పరీక్ష కలగలుపు జతలు. రెండు వైపులా ఆడవి సమంగా పుడితే జత కుదిరినట్టే. ఒక వైపు కుదిరి, రెండో వైపు అన్నీ మగవైతే బాక్టీరియాను అనుమానించాలి. రెండు వైపులా మగవే అయితే రెండు వేరు జాతులైనా కావచ్చు, రెండు రకాల వొల్బాకియా అయినా కావచ్చు. ఈ పరీక్ష అది తేల్చదు. పెంచేవాడికి తేలాల్సింది కూడా అది కాదు, కలపకూడదని తెలిస్తే చాలు.

జత కుదిరినా ఆగకండి. కలగలుపు ఆడపిల్లలను ఇంకో తరం నడపండి, వాటికీ ఆడపిల్లలు పుట్టాలి. అంతా కలిపి నెల పడుతుంది. నేను ఆ నెల ఆగలేదు.

నా పదింటికి ఏడు మగవి ఎక్కడి నుంచి వచ్చాయో ఈ లెక్కలో దొరికింది. రెండు కల్చర్లు సగం సగం కలిస్తే జతల్లో సగం తప్పు జతలే పడతాయి. రెండు వైపులా చెడే రకమైతే ఆ సగానికి ఆడపిల్లలు ఉండవు. మామూలుగా మూడింట రెండు వంతులు రావలసిన ఆడవి మూడింట ఒక వంతుకు పడిపోతాయి. ఒక వైపే చెడితే సగం దగ్గర ఆగుతాయి. కొట్టొచ్చినట్టు కనబడే నష్టం కాదు. అందుకే ఫోన్ వచ్చేదాకా నా కంటపడలేదు.

ఆంధ్రా కార్డు ఒడిశా పొలంలో, ఒడిశా కార్డు ఆంధ్రా పొలంలో పనిచేస్తాయా?

పనిచేస్తాయి. పర్లాకిమిడి దాటి పాతపట్నం వెళ్తే బస్సు బోర్డు భాష మారుతుంది, మొగిపురుగు మారదు. అక్కడి సంబంధాలు ఇక్కడా, ఇక్కడివి అక్కడా చేసుకుంటూనే ఉన్నాం. పురుగు విషయంలో చూడాల్సింది రాష్ట్రం కాదు, కల్చర్ ఎక్కణ్ణుంచి మొదలైంది, ఎన్నేళ్లుగా గదిలో ఉంది అన్నది.

అయితే ఒకటుంది. మనం వదిలేవి పొలంలో ముందునుంచే ఉన్న సొంత కందిరీగలతో కలుస్తాయి. వాటికి జత కుదరకపోతే ఆ ఊరి ఆడవాటికి మగపిల్లలే పుట్టి, వాటి సంఖ్య కొన్నాళ్లు తగ్గొచ్చు. కెన్యాలో ఇలాంటి పరిస్థితి కళ్లబడింది. జొన్న, మొక్కజొన్న కాండం తొలిచే పురుగుల మీద బతికే కోటీసియా సెసమియే అనే కందిరీగ అక్కడ రెండు ప్రాంతాల్లో రెండు రకాలుగా ఉంది. ఒకటి ఒక పురుగులో హాయిగా పెరుగుతుంది, రెండోది అదే పురుగులో చస్తుంది. రెంటికీ జత కట్టిస్తే, ఒక వైపు వొల్బాకియా వల్ల చెడుతోందని 2002లో అచ్చయింది. ఇక్కడ బాగా పనిచేసిందని అక్కడికి తీసుకెళ్లి వదిలితే రెండూ చెడే ప్రమాదం ఉందన్నమాట. వరిలో ప్రతి వారం లక్షల్లో వదిలే ట్రైకోగ్రామాకు ఇది అంత పెద్ద భయం కాదు. ఒకసారి వదిలి అక్కడే స్థిరపడాలనుకునే కందిరీగలకు పెద్ద భయమే.

జపానికం, కిలోనిస్ రెండూ ఒకే మడిలో కట్టొచ్చా?

కట్టొచ్చు. వరిలో మొగిపురుగుకు జపానికం, ఆకుముడతకు కిలోనిస్. పొలంలో వాటి దారి వాటిది. పెంచే గదిలో మాత్రం ఒకే జాడీలో కాదు, వీలైతే ఒకే బీరువాలో కూడా కాదు. అర మిల్లీమీటరు పురుగుకు దూది బిగువుగా లేని మూత అంటే సింహద్వారమే.

బొప్పాయి పిండినల్లి కందిరీగకూ ఈ పరీక్ష చేయాలా?

అక్కర్లేదు. దాని పేరు అసిరోఫేగస్ పపాయే. 2010లో ప్యూర్టోరికో నుంచి తెచ్చి బెంగళూరులో పెంచి రాష్ట్రాలకు పంచారు. పొలంలో నిలదొక్కుకుంది. మందులు మానేస్తే అదే వస్తుంది.

కార్డు కట్టాక మందు కొట్టొచ్చా?

ముందు వారం, తర్వాత వారం వద్దు. వేపనూనె గురించి కూడా అడుగుతారు, అది కూడా కార్డు కట్టిన రోజుల్లో మానండి.

నా గదిలోనూ రెండు కల్చర్లు ఇప్పటికే కలిసిపోయాయి. ఏం చేయను?

కొత్త తల్లి కల్చర్ దొరికితే పాతది మొత్తం పారేసి, జాడీలు వేడినీళ్లతో కడిగి, రెండు వారాలు గది ఖాళీగా ఉంచి మొదలుపెట్టండి. దొరకకపోతే ఇంకో దారి ఉంది. జత కట్టిన ఆడవాటిని ముప్పై, నలభై విడివిడి సీసాల్లో పెట్టండి. ఏ తల్లికి ఆడపిల్లలు బాగా పుట్టాయో ఆ సీసాలు మాత్రమే ఉంచి, ఒక్కో తల్లి సంతతిని రెండు మూడు తరాలు విడిగా నడపండి. తర్వాత ఒకదానితో ఒకటి పైన చెప్పిన పద్ధతిలో పరీక్షించి, కుదిరినవే కలపండి.

నేను రెండో దారి పట్టాను. ముప్పై ఆరు సీసాలు, కిటికీ పక్కన గుడ్ల ట్రేలో నిలబెట్టి, ఒక్కోదానికి తెల్ల టేపు మీద అంకె. మధ్యలో ఒక రోజు చీమలు మూడు సీసాలు తినేశాయి. ట్రే కాళ్ల కింద నీళ్ల మూకుళ్లు పెట్టాను. ఇప్పుడు నా జాడీల మీద జాతి పేరుతోపాటు ఆ అంకె, తరం సంఖ్య, ఆ వారం లెక్కపెట్టిన వందలో ఆడవి ఎన్నో కూడా రాసి ఉంటాయి. కార్డు వెనక కూడా ఆ చివరి అంకె వేస్తున్నాను. పెద్దాయనకు ఆ కార్డుల డబ్బులు వెనక్కిచ్చాను. ఆయన ఈ ఏడాది మళ్లీ కార్డులు తీసుకెళ్తూ, వెనక్కి తిప్పి అంకె చూసి, "ఇదేటి బాబూ, ఆడపిల్లల లెక్కా?" అన్నాడు. అవునన్నాను.